తాలింపు పడకముందే కుక్క వాటా తీసి ఫ్రీజర్‌లో పెట్టండి

మే నెలలో మన దగ్గర కుక్కని పెంచడమంటే సగం పని దాన్ని చల్లగా ఉంచడమే. రెంటచింతల, రామగుండం సంగతి సరే, హైదరాబాద్‌లో కూడా రోహిణి కార్తె వచ్చేసరికి పొద్దున తొమ్మిదికే వాకింగ్ కుదరదు. రోడ్డు కాలిపోతుంటుంది, అది బాత్రూమ్ గుమ్మంలో పొట్ట నేలకి ఆనించి నాలుక బయటపెట్టుకుని పడుకుంటుంది, పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంటుంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొంచెం పడుతుంది అంతే. మిగతా వేడిలో ఎక్కువ భాగాన్ని రొప్పుతూ నోటి ద్వారానే బయటికి పంపాలి. అందుకే చల్లగా నాకడానికి ఏదైనా ఇస్తే దానికి హాయిగా ఉంటుంది, అన్నం ముట్టని రోజు కూడా కాస్త నీరు లోపలికి పోతుంది, పైగా ఆ అరగంట అది సోఫా కవర్ జోలికి రాదు.

అయితే చాలా ఇళ్లలో జరిగేది ఏంటంటే, మనం తింటున్న కోన్ చివర ముక్క దానికి పెట్టేస్తాం. వెనిలానే కదా, ఏమవుతుందిలే అని. ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు కానీ అందులో ఉండేది చక్కెర, కొవ్వు, పాలు. పెద్దయిన కుక్కల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ సరిగ్గా అరగదు, రాత్రికి విరేచనాలు పట్టుకుంటాయి. కోన్ అడుగున చాక్లెట్ ఉంటుంది, కుల్ఫీలో కిస్‌మిస్ ఉంటుంది, షుగర్ ఫ్రీ ఐస్‌క్రీమ్ అయితే ఇంకా ప్రమాదం. పెట్ షాపుల్లో కుక్కల ఐస్‌క్రీమ్ అని చిన్న కప్పులు అమ్ముతున్నారు, కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. కానీ ఆ కప్పు ధరకి ఇంట్లో వారానికి సరిపడా చేసుకోవచ్చు, అందులో ఏమేం వేశామో మనకి తెలుస్తుంది కూడా.

స్పెషల్‌గా తేవాల్సిందంటూ ఏమీ లేదు. పెరుగు, అరటిపండు, పుచ్చకాయ, క్యారెట్, రాగి పిండి, చికెన్. రూలు ఒక్కటే: ఉప్పు, కారం, చింతపండు, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి పేస్ట్, తాలింపు, ఇవేవీ పడకముందే కుక్క వాటా వేరే గిన్నెలోకి తీసేయాలి. వండేశాక అందులోంచి ముక్కలు ఏరి కడిగి పెడతాం అంటే కుదరదు, వెల్లుల్లి రసం ముక్కలోకి దిగిపోయాక కడిగితే పోదు.

ఏవి అస్సలు వేయకూడదు

ఇది బోర్ కొట్టినా చదవండి, తర్వాత మీకు నచ్చినట్టు కలుపుకోవచ్చు.

ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. పచ్చివైనా, ఉడికించినవైనా, పొడి అయినా ఒకటే. ఆ లక్షణాలు వెంటనే కనపడవు, కొన్ని రోజులకి నీరసం, చిగుళ్లు తెల్లబడటం మొదలవుతాయి, అప్పటికి మనం ఏం పెట్టామో మర్చిపోతాం. సూప్ క్యూబులు, మసాలా పొడులు వాడొద్దనేది అందుకే, వాటిలో ఉల్లి, వెల్లుల్లి పొడి, ఉప్పు దాదాపు తప్పకుండా ఉంటాయి.

ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలను పాడు చేస్తాయి. ఎన్ని తింటే ప్రమాదం అనేది కుక్కని బట్టి మారిపోతుంది, కాబట్టి ఒక్కటి కూడా వద్దు. ఇది ఎందుకు జరుగుతుందో చాలా ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు, 2021లో అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ వెటర్నరీ డాక్టర్లు కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని చెప్పారు. మనకి దీంతో ఏం పని అంటారా, అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే బేకింగ్ పొడి (ఇందులో ఉండేది ఆ ఆమ్లమే) వేసి ఇంట్లో చేసిన ఆట పిండి ముద్ద తిని ఒక కుక్క జబ్బుపడిన కేసుతో వాళ్లకి ఆ అనుమానం వచ్చింది, చింతపండు తిన్న కుక్కల్లో కూడా అలాంటి జబ్బే కనిపించింది. మరి మనం చారన్నం, సాంబారన్నం, పులిహోర కుక్కకి కలిపి పెట్టే జనాలం. ఐస్‌లో చింతపండు ఎవరూ వేయరు గానీ, ఈ మాట ఎక్కడో ఒకచోట చెప్పాలి కదా.

చాక్లెట్, కాఫీ పొడి, జాజికాయ వద్దు. చక్కెర, బెల్లం అక్కర్లేదు, కుక్కకి పండులో ఉన్న తీపే ఎక్కువ.

ఇక జైలిటాల్. చక్కెర బదులు వాడే తీపి పదార్థం ఇది, మనుషులకి ఫర్వాలేదు, కుక్కకి మాత్రం కొద్దిగా తిన్నా అరగంటలో రక్తంలో చక్కెర పడిపోతుంది, ఆ తర్వాత లివర్ కూడా దెబ్బతినొచ్చు. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్, కొన్ని పీనట్ బటర్లు, డయాబెటిక్ స్వీట్లలో ఉంటుంది. డబ్బా వెనక పేరు లేకుండా 967 అనే నంబర్ మాత్రమే వేసి ఉన్నా అది ఇదే. కొనే ముందు తిప్పి చూడండి.

పండ్లలో గింజలు, టెంకలు తీసేయాలి. మామిడి టెంక పేగుల్లో ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా వెళ్తుంది. నున్నగా జారుతుంటుంది కదా, ఆడుకుంటూ ఆడుకుంటూ గుటుక్కున మింగేస్తాయి. టెంక మీద గుజ్జు నాకించే సరదా ఉన్నవాళ్లు ఆ ఒక్కటీ మానుకోండి.

గట్టిగా ఉండకూడదు

వంటకాల కంటే ముందు ఈ ముక్క. గట్టి నీళ్ల ఐస్ గడ్డని కరకరా నమిలే కుక్కని చూడటం మనకి ముచ్చటగానే ఉంటుంది, కానీ పై దవడలో పక్కనుండే పెద్ద పన్ను అలాగే చీలుతుంది. చీలిందని అది మనకి చెప్పదు, ఒకవైపే నమలడం మొదలుపెడుతుంది, మనం గమనించేసరికి చీము పడుతుంది. కుక్క పంటికి పనికొచ్చే గట్టిదనం ఎంతంటే, మీ బొటనవేలి గోరుతో నొక్కితే కొంచెమైనా గుంట పడాలి. పడకపోతే ఐదు నిమిషాలు బయట పెట్టి మళ్లీ నొక్కి చూడండి.

అందుకే మనం చేసేవన్నీ కొరికేవి కాకుండా నాకేవిగా ఉండాలి. అరటిపండు, ఉడికించిన చిలగడదుంప, పెరుగు లాంటి చిక్కటివి కలిపితే గడ్డ మెత్తగా వస్తుంది, పలచటి నీళ్లు ఎక్కువైతే రాయిలా అవుతుంది. మీ కుక్క నమలకుండా మింగే రకమైతే చిన్న ముక్కలు ఇంకా ప్రమాదం, గొంతుకి అడ్డం పడతాయి. దానికి నోట్లో పట్టనంత పెద్ద గడ్డ ఇవ్వండి, లేదా వెడల్పాటి ప్లేటులో పలచగా గడ్డకట్టించి ఇవ్వండి. లాబ్రడార్లు ఉన్నవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. వాటిలో దాదాపు నాలుగో వంతుకి ఆకలి తీరిందని తెలియనివ్వని ఒక జన్యు లోపం ఉంటుందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు, కాబట్టి మీ లాబ్ ఆత్రాన్ని మరీ తిట్టకండి.

ఇక వాట్సాప్‌లో తిరిగే ఆ మెసేజ్ గురించి, ఐస్ నీళ్లు తాగితే కుక్క పొట్ట మెలి తిరిగి చనిపోతుందని. పొట్ట ఉబ్బి మెలి తిరిగే జబ్బు నిజమే, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో ఎక్కువ. కానీ దానికీ చల్లదనానికీ సంబంధం లేదు. ఆబగా, ఒక్కసారిగా ఎక్కువ తినడం, తాగడం దానికొక కారణం. నెమ్మదిగా నాకే ఐస్‌తో ఆ ఇబ్బంది లేదు. కాకపోతే పరిగెత్తి వచ్చిన వెంటనే పెట్టకండి, ఊపిరి కుదుటపడ్డాక పెట్టండి.

పెరుగు, అరటిపండు

మొదటిసారి చేసేవాళ్లు దీంతో మొదలుపెట్టండి, చెడగొట్టడం కష్టం. ఇంట్లో తోడేసిన పెరుగు ఒక కప్పు, అంటే సుమారు 200 గ్రాములు, పైన మీగడ తీసేయండి. బాగా ముగ్గిన అరటిపండు సగం, తొక్క మీద నల్ల మచ్చలు వచ్చి ఇంట్లో ఎవరూ ముట్టనిది అయితే ఇంకా మంచిది. రెండూ కలిపి ఫోర్క్‌తో మెదపండి, మిక్సీ అక్కర్లేదు. పెరుగు మరీ పుల్లగా ఉంటే కొన్ని కుక్కలు మొహం తిప్పుకుంటాయి, అప్పుడు తాజా పెరుగు వాడండి. ఐస్ ట్రేలో పోసి నాలుగైదు గంటలు ఫ్రీజర్‌లో పెడితే అయిపోయింది.

పాలు పడని కుక్కకి పెరుగు ఎలా అంటే, తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది కాబట్టి చాలావాటికి పడుతుంది. అన్నిటికీ అని కాదు. మొదటిసారి ఒకటే ముక్క పెట్టి మర్నాడు మోషన్ చూడండి, బాగుంటేనే కొనసాగించండి. ఫ్లేవర్ పెరుగులు, స్ట్రాబెర్రీ యోగర్ట్ కప్పులు వద్దు.

ఇందులోనే అరటిపండు బదులు ఉడికించిన తియ్య గుమ్మడికాయ గుజ్జు రెండు చెంచాలు వేయొచ్చు, మోషన్ సరిగ్గా కాని కుక్కలకి గుమ్మడిలోని పీచు బాగా పనిచేస్తుంది. క్యారెట్ తురుము వేస్తే రంగుకి బాగుంటుంది, ఫోటోలు పెట్టేవాళ్లకి పనికొస్తుంది, కుక్కకి రంగుతో పనిలేదు.

ఇంకా తేలికది మజ్జిగ. ఉప్పు వేయకముందు, పచ్చిమిర్చి వేయకముందు ఒక గ్లాసు తీసి గడ్డకట్టించండి. పలచగా ఉంటుంది కాబట్టి గట్టిగా వస్తుంది, నేను దీన్ని ముక్కలుగా ఇవ్వను, తాగే గిన్నెలో వేసి కరగనిస్తాను.

పుచ్చకాయ, కీర దోస, మామిడి

పుచ్చకాయలో 90 శాతానికి పైగా నీరే. గింజలు తీసి, పచ్చ తొక్క తీసి, ఎర్ర గుజ్జు మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి అలాగే ట్రేలో పోయండి. నీళ్లు కలపొద్దు. గట్టిగా వస్తుందనిపిస్తే రెండు చెంచాల పెరుగు కలపండి. కర్బూజ కూడా ఇంతే, అది కొంచెం మెత్తగా వస్తుంది.

కీర దోసకి వంటే అక్కర్లేదు. చక్రాలుగా కోసి ప్లేటులో విడివిడిగా పరిచి రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి చాలు. బరువు తగ్గించాల్సిన కుక్కలకి ఇంతకు మించినది లేదు, కేలరీలు లేనట్టే. ముందు మీరు ఒక ముక్క కొరికి చూడండి, చేదు కాయ అయితే పారేయండి.

బంగినపల్లి సీజన్‌లో మనం తింటుంటే అది ఎదురుగా కూర్చుని చొంగ కారుస్తుంది, పెట్టకుండా ఉండలేం. సరే, తొక్క, టెంక తీసిన గుజ్జు ఒక వంతు, పెరుగు మూడు వంతులు. మామిడిలో చక్కెర ఎక్కువ, ఎక్కువ పెడితే విరేచనాలు కూడా అవుతాయి. షుగర్ జబ్బున్న కుక్కకి మామిడి, అరటి రెండూ వద్దు, దానికి కీర, చికెన్ నీళ్లు ఉన్నాయిగా.

కొబ్బరి నీళ్లు కొంచెం ఫర్వాలేదు గానీ పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ, గుండె జబ్బులున్న కుక్కలకి డాక్టర్ని అడగకుండా పెట్టకండి.

కోడి కాళ్ల నీళ్లు

నా లెక్కలో అన్నిటికంటే మంచిది ఇదే. అన్నం మానేసిన కుక్క కూడా దీని వాసనకి లేచి వస్తుంది. పండ్లంటే పడని కుక్కలుంటాయి, చికెన్ అంటే పడని కుక్క అరుదు.

చికెన్ షాపులో కోడి కాళ్లు అడగండి, చాలా చోట్ల చవగ్గా ఇచ్చేస్తారు. పైన పసుపు తోలు తీసి, గోళ్లు కొట్టి ఇవ్వమని చెప్పండి, లేకపోతే ఇంటికొచ్చి మీరే ఆ పని చేయాలి, అంత సరదా పనేం కాదు. అర కిలో కాళ్లు బాగా కడిగి కుక్కర్లో వేసి, లీటరున్నర నీళ్లు పోసి, ఐదారు విజిల్స్ వచ్చాక సన్న మంట మీద అరగంట ఉంచండి. ఉప్పు లేదు, అల్లం వెల్లుల్లి లేదు, చిటికెడు పసుపు వేస్తే వేయండి, కాకపోతే తర్వాత అది నాకిన చోటల్లా పసుపు మరకలు పడతాయి.

ప్రెషర్ పోయాక జల్లెడలో వడకట్టండి. ఎముకలన్నీ మూత గట్టిగా ఉన్న చెత్తబుట్టలోకి పోవాలి. ఉడికించిన ఎముక విరిగితే సూదిలా చీలుతుంది, గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది, అది ఎంత మెత్తగా ఉడికిందని మీకనిపించినా సరే పెట్టొద్దు. పెద్దవాళ్లు "మన చిన్నప్పుడు కుక్కలన్నీ ఎముకలు తినే బతికాయి" అంటారు. బతకనివి మనకి గుర్తుండవు.

వడకట్టిన నీళ్లు చల్లారాక ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు, రాత్రంతా ఉంచండి. పొద్దునకి కింద జెల్లీలా పేరుకుంటుంది, పైన తెల్లటి కొవ్వు పొర తేలుతుంది. ఆ పొర మొత్తం చెంచాతో గీకి తీసేయండి. ఈ పని మాత్రం బద్ధకించొద్దు, ఎక్కువ కొవ్వు ఒక్కసారిగా లోపలికి పోతే కొన్ని కుక్కలకి పాంక్రియాస్ వాచిపోతుంది, ఆ నొప్పి మామూలుగా ఉండదు. మిగిలిన జెల్లీని కొంచెం వేడి చేసి కరిగించి, అందులో ఉడికించిన బోన్‌లెస్ చికెన్ పీచులుగా చీల్చి, క్యారెట్, బీన్స్ ముక్కలు వేసి అచ్చుల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. జెల్లీ వల్ల ఇది మామూలు నీళ్ల ఐసంత రాయిలా ఉండదు, అయినా గోరు పరీక్ష చేయండి.

కోడి లివర్ రెండు మూడు ముక్కలు ఉడికించి మెదిపి కలిపితే కుక్క మీకు బానిస అయిపోతుంది. అలా అని రోజూ వద్దు, విటమిన్ ఏ ఎక్కువైపోతుంది. డాల్మేషియన్ ఉన్నవాళ్లు లివర్ జోలికే పోకండి, వాటికి యూరిక్ ఆమ్లం రాళ్లు తేలిగ్గా పడతాయి.

కొంచెం ఓపిక తక్కువైతే ఇంట్లో చికెన్ వండే రోజే చేసేయొచ్చు. కూరకి తెచ్చిన దాంట్లోంచి, పసుపు ఉప్పు పట్టించకముందే, నాలుగు ముక్కలు తీసి వేరే గిన్నెలో నీళ్లు పోసి ఉడికించండి, ఆ నీళ్లే గడ్డకట్టించండి, అంతే.

రాగి జావ, పల్లీ ముద్ద

రాగి పిండి రెండు చెంచాలు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, రెండు గ్లాసుల మరిగే నీళ్లలో పోసి చిక్కబడేదాకా కలుపుతూ ఉడికించండి. చల్లారాక పెరుగు కలిపి గడ్డకట్టించండి. ముసలి కుక్కలకి, పళ్లు ఊడిపోయినవాటికి ఇది బాగుంటుంది, గడ్డకట్టినా చెంచాతో గీకితే వచ్చేస్తుంది. మీరు తాగడానికి జావ కాస్తుంటే బెల్లం, ఉప్పు వేయకముందు దాని వంతు తీసేయండి.

పీనట్ బటర్ డబ్బా కొనకుండా ఇంట్లోనే చేయండి. పల్లీలు నూనె లేకుండా వేయించి, పొట్టు ఊదేసి, మిక్సీలో ముద్దయ్యేదాకా తిప్పండి, ఉప్పు వద్దు. పల్లీలు ఒక్కొక్కటీ చూసి వేయండి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఉంటే ఏరేయడం కాదు, ఆ ప్యాకెట్టే వద్దు. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, కుక్క లివర్ దాన్ని తట్టుకోలేదు. "మనం తినం కదా, కుక్కకి పెట్టేద్దాం" అనే ఆలోచన దేనికి చేసినా చేయండి గానీ పల్లీలకి చేయకండి.

ఈ ముద్ద కొవ్వు కాబట్టి ఒక చెంచా మించొద్దు, అది కూడా పెరుగులో కలిపి, మధ్యలో రంధ్రం ఉండే రబ్బరు బొమ్మల్లో కూరి ఫ్రీజర్‌లో పెట్టడానికి. కాంగ్ అని ఒక ఎర్ర బొమ్మ దొరుకుతుంది చూడండి, ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్కని తన కుక్క వదలకుండా నమలడం చూసి జో మార్ఖమ్ అనే ఆయన దాన్ని తయారుచేశాడు. దానివి చవక నకళ్లు కూడా ఉన్నాయి, ఏది కొన్నా రెండు వైపులా రంధ్రం ఉండేలా చూడండి. ఒకే రంధ్రం ఉంటే గాలి ఆడక నాలుక లోపల పట్టేసుకుని వాచిపోయిన కేసులున్నాయి. కూరేటప్పుడు చిన్న రంధ్రాన్ని క్యారెట్ ముక్కతో మూసి, ఒక గ్లాసులో నిలబెట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, కుక్కకి ఇచ్చేటప్పుడు ఆ ముక్క తీసేయండి. మీరు ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఇచ్చి వెళ్తే ఏడుపు తగ్గుతుంది, కాకపోతే మొదటి కొన్నిసార్లు మీ కళ్ల ముందే ఇచ్చి చూడండి.

పళ్లు వస్తున్న కుక్కపిల్లలకి ఇవన్నీ వద్దు. ఫ్రిజ్‌లో చల్లబరిచిన పెద్ద క్యారెట్ ఒకటి ఇవ్వండి, చిగుళ్ల దురదకి హాయిగా ఉంటుంది. చిన్న ముక్కయ్యాక తీసేసుకోండి.

వేటిలో పోయాలి

ఐస్ ట్రే అందరికీ ఉంటుంది. చిన్న కుక్కలకి అది చాలు, పెద్దవాటికి స్టీల్ టిఫిన్ గిన్నెలు, కటోరీలు బాగుంటాయి. చిల్లులు లేని ఇడ్లీ ప్లేట్లయితే ఇంకా మంచిది, పలచగా, గుండ్రంగా, నాకడానికి సరిగ్గా సరిపోయేలా వస్తాయి. అడుగు భాగం నీళ్లలో కొద్దిసేపు ముంచితే ఊడి వస్తాయి. అమ్మకి చెప్పకుండా ఆ ఇడ్లీ ప్లేట్లు తీస్తే తర్వాత జరిగేదానికి మాత్రం నాకు సంబంధం లేదు, పాతవి ఒక సెట్టు విడిగా పెట్టుకోండి.

స్టీల్ గిన్నెతో సహా కుక్క ముందు పెట్టకండి, ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన స్టీలుకి తడి నాలుక అంటుకుంటుంది. పేపర్ కప్పుల్లో చేస్తే కప్పు పూర్తిగా చించేసి ఇవ్వండి. పుల్ల ఐస్ అచ్చులు వాడొచ్చు గానీ పుల్ల గుచ్చొద్దు, ఐస్‌తో పాటు పుల్ల కూడా పోతుంది. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలంటే పొడుగ్గా కోసిన క్యారెట్ గుచ్చండి, చివర్లో అది కూడా తినేస్తుంది.

గడ్డకట్టాక ట్రేలోంచి తీసి మూత ఉన్న డబ్బాలో వేసి పైన తేదీ రాసి పెట్టండి. కుక్కది అని కూడా రాయండి, లేకపోతే చుట్టాల పిల్లలు కుల్ఫీ అనుకుని కోడి కాళ్ల నీళ్లు చప్పరిస్తారు. పెరుగువి, పండ్లవి నెల లోపు, చికెన్‌వి రెండు మూడు వారాల్లోపు వాడేస్తే మంచిది.

ఎండాకాలం అంటే కరెంట్ కోతలు కూడా. గంటా రెండు గంటలు పోతే ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంచండి, ఏమీ కాదు. పొద్దంతా పోయి చికెన్‌వి పూర్తిగా కరిగి నీళ్లయిపోయి, వెచ్చబడి ఉంటే మళ్లీ గడ్డకట్టించొద్దు, పారేయండి. ఇది తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది: చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. ఊరెళ్లి వచ్చాక బిళ్ల అడుక్కి చేరి ఉంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం.

ఎంత పెట్టాలి

చిరుతిళ్లన్నీ కలిపి రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు. పైన చెప్పిన పెరుగు అరటిపండు మిశ్రమం మొత్తం 170 కేలరీల దాకా ఉంటుంది, 12 గళ్ల ట్రేలో పోస్తే ఒక్కో ముక్క 14 కేలరీలు. పెద్ద లాబ్రడార్‌కి రోజుకి నాలుగైదు ముక్కలు ఫర్వాలేదు, పామెరేనియన్‌కి ఒకటి, మహా అయితే ఒకటిన్నర. అది అడుగుతుంది, అడగడం దాని పని. ఐస్ ఇచ్చిన రోజు అన్నం కొంచెం తగ్గించండి. ఐస్ ఉంది కదా అని నీళ్ల గిన్నె ఖాళీగా వదలకండి, అది ఎప్పుడూ నిండుగా, నీడలో ఉండాలి.

వడదెబ్బకి ఇది మందు కాదు

పగ్, బుల్‌డాగ్, షీట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకి వేడి త్వరగా తగులుతుంది, ముక్కు చిన్నది కావడంతో రొప్పినా వేడి సరిగ్గా పోదు. ఏ కుక్కైనా ఆగకుండా రొప్పుతూ, చిగుళ్లు బాగా ఎర్రబడి, చొంగ చిక్కగా కారుతూ, నడక తూలుతూ ఉంటే అది వడదెబ్బ. కుక్క మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, 105 దాటితే ప్రాణం మీదకి వచ్చినట్టే. అప్పుడు నోట్లో ఐస్ కుక్కొద్దు, మింగే స్థితిలో ఉండదు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నీడకి తెచ్చి, పైప్‌తోనో మగ్గుతోనో ఒళ్లంతా మామూలు నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టండి, తడి టవల్ కప్పి ఉంచొద్దు, అది వేడిని లోపలే ఆపేస్తుంది. ముందు చల్లబరచడం మొదలుపెట్టి, అప్పుడు వెటర్నరీ డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. కాస్త తేరుకున్నట్టు కనిపించినా వెళ్లాల్సిందే, లోపల దెబ్బతిన్నది బయటికి కనపడటానికి టైమ్ పడుతుంది.

వీధి కుక్కలకి కూడా

మీ వీధిలో ఉన్నవాటికి కూడా పెట్టాలనుకుంటే ముక్కలు పంచొద్దు, కొట్లాడుకుంటాయి. పాత ప్లాస్టిక్ డబ్బాలో కోడి కాళ్ల నీళ్లకి మూడింతలు నీళ్లు కలిపి పెద్ద గడ్డగా చేసి, మధ్యాహ్నం పన్నెండింటికి సిమెంట్ తొట్టిలో నీళ్లు నింపి అందులో వేయండి. సాయంత్రం దాకా నెమ్మదిగా కరుగుతూ నీళ్లని చల్లగా ఉంచుతుంది, వాసనకి వచ్చి నీళ్లు కూడా ఎక్కువ తాగుతాయి. తొట్టి చెట్టు కింద, జనం నడిచే దారికి, పిల్లలు ఆడుకునే చోటుకి దూరంగా పెట్టండి, లేకపోతే పక్కింటివాళ్లతో గొడవ మొదలవుతుంది. చికెన్ కలిపిన నీళ్లు రాత్రికి వాసనొస్తాయి కాబట్టి రోజూ సాయంత్రం పారబోసి, తొట్టి పీచుతో తోమి, మామూలు నీళ్లు నింపండి. రెండు రోజులు అలాగే వదిలేస్తే దోమలు గుడ్లు పెడతాయి, అప్పుడు గొడవ పక్కింటివాళ్లతో ఆగదు, మున్సిపాలిటీ వాళ్లొస్తారు.